పిలుపు ఆగిన రోజులు

నీళ్ళగట్టు

ఒరేయ్ తమ్ముడూ,

చేరాం. ఎవరి కాళ్ళూ చేతులూ వాళ్ళకే ఉన్నాయి, కంగారు పడకు. ఓడ ఆకాశంలోంచి కూలినప్పటినుంచి నీ గురక వినకుండా పడుకోవడం ఇదే మొదటిసారి. హాయిగా నిద్ర పడుతుందనుకున్నాను. పట్టలేదు. ఇది చదివి మురిసిపోనక్కర్లేదు.

కొండ కొమ్మున మీరిద్దరూ, కొండ కింద మేం ముగ్గురం. తలెత్తితే నువ్వు ఆరేసిన ఎర్ర చొక్కా కూడా కనిపిస్తోంది. కానీ చుట్టూ తిరిగి దిగడానికి పొద్దున్నించి పొద్దుగూకే దాకా పట్టింది. డాక్టరమ్మ మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. ప్రథమ చికిత్స క్లాసుకి నాలుగు రోజులు వెళ్ళిన పాపానికి దాన్ని డాక్టరమ్మని చేశాం. ఇప్పుడు దానికి కట్టు కట్టే దిక్కు లేక నేనే కట్టాను.

ఓడలో నీళ్ళు అడుగంటాక కూడా "పెట్టె వదిలి రాను" అని నువ్వు భీష్మించుకుని కూర్చుంటే నాలుగు తగిలిద్దామనిపించింది. దారిలో కోపం తగ్గాక ఆలోచించాను. నీ మాటా నిజమే. పెద్దవాళ్ళందరూ ఓడ కూలిన రోజే పోయారు. ఈ లోకంలో ఇంకో మనిషి లేడు. మనం ఐదుగురం బతికి ఉన్నామని ఆకాశంలోకి అరిచేది ఆ పిలుపు పెట్టె ఒక్కటే. దాని ఎండ పలకల మీద దుమ్ము తుడవడానికి నువ్వు, అది మొరాయిస్తే బాగుచెయ్యడానికి మెకానిక్కు ఉండాల్సిందే. నీళ్ళూ తిండీ మా పని.

మాకు ఇల్లు దొరికింది. ఓడలోంచి ఊడిపడ్డ సామాన్ల గది నీళ్ళ పక్కనే ఉంది. ఒక గోడ సొట్టపోయింది గానీ తలుపు పడుతోంది. సామాన్లు దించేసి, అరకొకరం పడుకుంటున్నాం.

తాడు బుట్ట బాగా పనిచేస్తోంది. నేను కింద తాడుకి కట్టిన డబ్బాలు మోగిస్తే నువ్వు పైన చక్రం తిప్పి లాగు. చీకటి పడగానే మాత్రం బుట్ట పైనే ఉంచి చక్రానికి గొళ్ళెం వేసెయ్యి. గాలికి అది కొండకి కొట్టుకుని పగిలితే మళ్ళీ అల్లే ఓపిక నాకు లేదు.

ఇక చిట్టెలుక సంగతి. మనలో చిన్నది కదా, పదమూడేళ్ళ పిల్లకి ఏం పని చెప్పాలా అనుకుంటుంటే, ఉత్తరాలు చదివే ఉద్యోగం తనే పుచ్చుకుంది. బుట్ట దిగగానే నీ కాగితం లాక్కుని, బల్ల మీదికెక్కి, నీ గొంతు పెట్టి చదువుతుందట. అచ్చం నీలా ముక్కుతో మాట్లాడి చూపించింది. నవ్వలేక చచ్చాం. కాబట్టి కాస్త మర్యాదగా రాయి.

అక్క

ఓడ

అక్కా,

నీళ్ళూ, రాయిదుంపలూ, నీ తిట్లూ అన్నీ అందాయి. నీళ్ళతోపాటు గుప్పెడు ఇసుక ఉచితంగా పంపినందుకు మెకానిక్కు నీకు థాంక్స్ చెప్పింది. చెప్పింది అంటే, గ్లాసులోకి చూసి "ఇసుక" అంది. ఆ పిల్ల ఇవాళ మాట్లాడింది ఆ ఒక్క మాటే.

నువ్వు ఉడికించి పంపిన దుంప చెప్పు నమిలినట్టుంది. ఇంకా ఉంటే పంపు.

ఓడ పక్కకి ఒరిగిపోయింది కదా, వంటగదిలో గోడ మీద నడుస్తూ గోడ మీదే పడుకుంటున్నాం. పొయ్యి నెత్తి మీదుంది. ఏ అల్మారా తలుపు తెరిచినా ఏదో ఒకటి మొహాన పడుతుంది. నిన్న చెంచాల వాన కురిసింది. మీరున్నప్పుడు ఐదుగురం ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకుని తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరికి ఈ గది మరీ పెద్దదైపోయింది.

లేవగానే పలకలు తుడుస్తాను. తుడిచి వెనక్కి తిరిగేలోపు మళ్ళీ ఎర్రదుమ్ము. పెద్ద సూర్యుడూ చిన్న సూర్యుడూ ఇద్దరూ ఉండి, మనిషికి రెండేసి నీడలు పడుతున్నా, ఈ దుమ్ములో పలకలకి ఎండ ఆనదు. పెట్టె బతుకంతా ఆ ఒక్క బ్యాటరీ మీదే ఉంది. మిగతా రెండూ ఉబ్బిపోయాయి, మెకానిక్కు విప్పి చూసి పక్కన పడేసింది. పెట్టె మీద పచ్చదీపం వెలుగుతుంటే నాకు ధైర్యం. దాని పక్కనే పడుకుంటున్నాను. నవ్వకు.

అమ్మ గుర్తొస్తోంది. ఈ సెలవుల ప్రయాణం వద్దురా అంది. నేనే రెండు పూటలు తిండి మానేసి ఒప్పించాను. మానేసినట్టు నటించాను, అదీ నిజం.

చిట్టెలుకా, ఈ ముక్క గట్టిగా చదువు: మా అక్కకి కోపం ముక్కు మీదుంటుంది, నువ్వు అస్సలు భయపడకు. నా గొంతుతోనే చదవాలి సుమా.

తమ్ముడు

నీళ్ళగట్టు

తమ్ముడూ,

నీ "గట్టిగా చదువు" ముక్క మూడుసార్లు చదివింది, ప్రతిసారీ ఇంకా గట్టిగా. డాక్టరమ్మ కూడా దాని పక్షమే. ఇక్కడ నాది ఒంటరి పార్టీ.

చలి మొదలైంది. పొద్దున్నే గట్టు పక్కన నీళ్ళ మీద మంచు గాజు పలకలా పేరుకుంటోంది. నిన్న చిట్టెలుక నీళ్ళ డబ్బాతో వెళ్ళి సరిగ్గా దాని మీదే అడుగేసింది. పీకల దాకా మునిగింది. నేను జుట్టు పట్టుకుని లాగాను. పళ్ళు టకటకలాడుతూ కూడా "డబ్బా వదల్లేదు చూడక్కా" అంది. కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పట్నుంచీ ఒళ్ళు కాలిపోతోంది. దగ్గు కూడా ఉంది. డాక్టరమ్మ మాత్రలు ఇస్తోంది. పిల్లలన్నాక జ్వరాలు రాకుండా ఉంటాయా, తగ్గిపోతుంది. దుప్పట్లు ఎక్కువుంటే రెండు పడెయ్యి.

పడుకున్నా సరే ఉద్యోగం మాత్రం ఎవరికీ ఇవ్వదట. దానికి నవ్వొచ్చేది ఏమైనా రాయి.

అక్క

ఓడ

అక్కా, చిట్టెలుకా,

దుప్పట్లు మూడు పంపుతున్నాను. మూడోది నాది. వాసన వస్తే ముక్కు మూసుకోండి.

ఇక్కడి విశేషం ఏమిటంటే, మెకానిక్కు బట్టల అల్మారాలో పడిపోయింది. నేను ఓడంతా వెతికాను. బయటికెళ్ళి కొండంతా కేకలు పెట్టాను. తిరిగొచ్చి కంగారుగా "ఎక్కడున్నావే!" అని అరిస్తే, లోపల్నించి నింపాదిగా "మూడో అర" అని వినిపించింది. మరి ఇంతసేపూ ఎందుకు పలకలేదు తల్లీ అంటే, "అడగలేదుగా" అంది. వేలం వేసినా ఈ పిల్లని ఎవరూ కొనరు.

చిట్టెలుకా, నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. మాత్రలు మింగు. దొంగచాటుగా ఉమ్మేస్తే నాకు పైనుంచి కనిపిస్తుంది.

తమ్ముడు

నీళ్ళగట్టు

తమ్ముడూ,

ఈ ఉత్తరం సంగతి చిట్టెలుకకి తెలియదు. బయట కూర్చుని రాస్తున్నాను.

దానికి తగ్గలేదు. దగ్గితే ఛాతీలో గరగరమంటోంది. డాక్టరమ్మ వీపుకి చెవి ఆనించి విని, మొహం అటు తిప్పుకుంది. ఊపిరితిత్తులకి నెమ్ము పట్టిందంటోంది. వెచ్చగా ఉంచగలిగితే పిల్ల నిలబడుతుంది, ఈ చలిలో నిలబడదు అంది. మాది ఇనుప గది, చీకటి పడితే గోడ ముట్టుకోలేం. నిప్పు వేసుకుందామంటే ఈ లోకంలో పుల్ల అన్నది లేదు. ఎండిన నాచు దుంపలు ఉడికే దాకా మండుతుంది, గది వెచ్చబడే దాకా మండదు.

సామాన్లలో ఒక హీటర్ ఉంది. చెక్కుచెదరలేదు. దానికి కావాల్సింది బ్యాటరీ.

ఏం అడుగుతున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. పెట్టె ఆగిపోతుందని నాకు తెలుసు. చలికాలం అంతా అడగడం లేదు, పిల్ల కోలుకునే దాకా చాలు. పంపరా. నీకు దండం పెడతాను.

అక్క

ఓడ

అక్కా,

నీ ఉత్తరం చదివి పక్కన పెట్టి మళ్ళీ చదివాను. మెకానిక్కుకి చూపించాను. "ఆపితే మళ్ళీ మొదలవుతుందో లేదో చెప్పలేను" అంది. దాని నోట అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు, అందుకే భయమేసింది.

ఓడ కూలిన మర్నాడు మనం ఐదుగురం చేతి మీద చెయ్యి వేసుకుని అనుకున్నాం కదా, ఏం జరిగినా పెట్టె ఆపకూడదని. అందరికంటే ముందు చెయ్యి చాపింది నువ్వే. ఎవరో మనకోసం వస్తూ ఉండొచ్చు. సరిగ్గా వాళ్ళు వచ్చే వేళకి మనం నోరు మూసుకుంటే? అప్పుడు ఐదుగురమూ ఇక్కడే ముసలివాళ్ళమవ్వాలి. అంత దాకా బతికితే.

ఇంకో రెండు రోజులు చూడక్కా. ఓడ కుర్చీలన్నీ చీరేసి దూది పీకాను, బుట్ట నిండా కుక్కి పంపుతున్నాను. గోడల సందుల్లో దట్టించండి. దాని చుట్టూ పేర్చండి. జ్వరం ఇవాళో రేపో దిగుతుందేమో.

నాకు పిల్ల మీద ప్రేమ లేదనుకోకు.

తమ్ముడు

నీళ్ళగట్టు

తమ్ముడూ,

దూది దట్టించాం. నీ రెండు రోజులూ చూశాం. ఇవాళ దాని పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆ రోజు నేను చెయ్యి చాపినప్పుడు నా చేతి మీద పడ్డ మొదటి చెయ్యి దానిది. బ్యాటరీ పంపు. నీకు మనసు రాకపోతే చెప్పు, పిల్లనే బుట్టలో వేసి పంపిస్తాను, నీ పచ్చదీపం ముందు పడుకోబెట్టుకో.

అక్క

ఓడ

అక్కా,

బ్యాటరీ పంపుతున్నాను. నా కోటులో చుట్టాను. గుద్దుకోకుండా నెమ్మదిగా దింపుతాను, మీరు కింద పట్టుకోండి.

తీగలు మెకానిక్కే విప్పింది. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ పెట్టెలోంచి సన్నగా ఒక చప్పుడు వచ్చేదని, అది ఆగాకే తెలిసింది.

రెండు రోజులు ఆపడం నాదే తప్పు. ఎలా ఉందో వెంటనే రాయి. తిట్టాలనుంటే తిట్టు, కానీ రాయి.

తమ్ముడు

నీళ్ళగట్టు

ఒరేయ్ బంగారూ,

పెదాలకి రంగొచ్చింది! హీటర్ పెట్టిన రోజునుంచే చెమట పట్టడం మొదలైంది. ఇవాళ లేచి గోడకానుకుని కూర్చుంది. దుంప సగం తింది. తిని, "అన్నయ్య చెప్పింది నిజమే, చెప్పులాగే ఉంది" అంది. డాక్టరమ్మ బయటికెళ్ళి ఏడ్చి వచ్చింది. నేను మాత్రం దాని ముందే ఏడ్చాను, నాకు సిగ్గు లేదు కదా.

ఛాతీలో గరగర ఇంకా పోలేదు. ఇప్పుడే హీటర్ తీస్తే మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంకొన్నాళ్ళు ఉండనియ్యి. తలుపు సందులన్నీ మూసేసి కోడిపిల్లల్లా ఆ హీటర్ చుట్టూ ముడుచుకుంటున్నాం. బయట లోకం ఉందో లేదో కూడా పట్టడం లేదు.

బ్యాటరీ నీ చేతుల్లోంచి ఇవ్వడం నీకెంత కష్టమో నాకు తెలుసు. ఆ రోజు కోపంలో రాసింది మనసులో పెట్టుకోకు. అమ్మ ఇక్కడుంటే నిన్ను దగ్గరికి తీసుకునేది.

రేపట్నుంచి మళ్ళీ తనే చదువుతుందట. గొంతు సవరించుకుంటోంది.

అక్క

ఓడ

అక్కా,

ఓడ వచ్చింది.

వచ్చి వెళ్ళిపోయింది. పొద్దు వాలుతుండగా పలకల దగ్గర నిలబడి ఉన్నాను. పడమటి నుంచి వెలుగు లేచింది. చుక్క కాదు, రాలే రాయి కాదు, అవి నేను రోజూ చూస్తున్నాను. నెమ్మదిగా మన నెత్తి మీదికి వచ్చింది. మెకానిక్కు కూడా చూసింది. నేను చొక్కా విప్పి ఊపాను, గొంతు చించుకున్నాను. నా గొంతు ఎవడికి వినిపిస్తుంది? వినిపించాల్సిన పెట్టె నోరు మూసుకుని బల్ల మీద కూర్చుంది, చచ్చిన కప్పలా. ఆ వెలుగు కాసేపు తారాడి, వంగి, కొండల వెనక్కి దిగిపోయింది. మన కోసం వెతికి, ఎవరూ లేరనుకుని పోయారు.

నేను చెప్పానా లేదా? నోరు మూసుకున్నప్పుడే వస్తారని చెప్పానా? నీకు వినపడలేదు. నీకెప్పుడూ నీ మాటే నెగ్గాలి. ఒక్కదాని దగ్గు కోసం ఐదుగురి దారీ మూసేశావు. దానికి దగ్గు తగ్గింది, మనం ఇక్కడే చస్తాం. ఆ రోజే ఆ పిల్ల నీళ్ళలోంచి లేవకపోయినా ఇంత నష్టం జరిగేది కాదు.

ఇంక నాకు రాయకు.

నీళ్ళగట్టు

నువ్వేం రాశావో నీకు తెలుసా? ఎవరు చదువుతారో మర్చిపోయావా, లేక తెలిసే రాశావా?

బుట్ట దిగగానే నేనే కాగితం తీసుకొచ్చి దాని చేతిలో పెట్టాను. ఎన్నాళ్ళకో మళ్ళీ బల్లెక్కుతానంటే నేనూ డాక్టరమ్మా చెరో వైపూ పట్టుకుని ఎక్కించాం. గొంతు సవరించుకుని, ముక్కుతో, నీలాగే "అక్కా, ఓడ వచ్చింది" అంది. మేం ముగ్గురం ఎగిరి గంతేశాం. తర్వాత ఆపమన్నాను. లాక్కోబోయాను. వదల్లేదు. నీ గొంతుతో మొదలుపెట్టింది, మధ్యలో ఎప్పుడో తన గొంతులోకి వచ్చేసింది, అయినా చివరి ముక్క దాకా చదివింది. మడిచి నాకిచ్చింది. "అన్నయ్య నిజమే రాశాడు కదక్కా" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

అప్పట్నుంచీ ఒకటే మాట. బ్యాటరీ పంపేద్దాం అంటుంది. నాకు తగ్గిపోయింది చూడు అని దగ్గు బిగబట్టి చూపిస్తుంది. మొహం ఎర్రగా కందిపోయే దాకా బిగబడుతుంది. ఛాతీలో గరగర నాకు ఇవతలికి వినిపిస్తోంది. తిండి ముట్టడం లేదు, "నా వాటా అన్నయ్యకి పంపించు" అంటోంది.

ఓడ పోతే పోయింది. నాకూ గుండె పగిలింది, నేనూ ఇంటికి వెళ్ళాలనే బతుకుతున్నాను. కానీ ఆ పిల్ల మనసులోంచి ఈ మాట నేను తియ్యలేను. తీస్తే నువ్వే తియ్యాలి. కోపంలో రాశానని, అది మాట కాదని, దాని పేరు పెట్టి ఒక్క ఉత్తరం రాయి. ఈరోజే రాయి.

అక్క

ఓడ

అక్కా! అక్కా! అక్కా!

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీ ఉత్తరం చదివి నిన్నంతా చిట్టెలుకకి రాస్తూనే ఉన్నాను. రాయడం, చించడం. ఏం రాసినా నా మొహంలాగే ఉంది. సాయంత్రం డబ్బాలు మోగాయి. బుట్ట లాగితే ఇంత బరువు. పైన దుంపలు, కింద బ్యాటరీ! దాంతో చీటీ, చిట్టెలుక రాతలో: "అన్నయ్యా, నాకు పూర్తిగా తగ్గిపోయింది. అక్క పంపమంది. త్వరగా పెట్టు. ఇంకో ఓడ వస్తుంది, బెంగ పెట్టుకోకు." ఆ చీటీ పట్టుకుని కొంచెంసేపు చక్రం దగ్గరే కూర్చుండిపోయాను. అంత మాటన్నా నా మీద దానికి కోపం లేదు చూశావా.

అప్పటికే చీకటి పడుతోంది. గొళ్ళెం వేసి పరిగెత్తాను. మెకానిక్కు తీగలు కలిపింది. మొదటిసారి వెలగలేదు. రెండోసారీ లేదు. మూడోసారి పచ్చగా వెలిగింది. వెలిగిన కాసేపటికి, అక్కా, పెట్టె మాట్లాడింది! గరగరల మధ్య మనిషి గొంతు. "వినిపిస్తోందా, వినిపిస్తోందా" అని. మెకానిక్కు నన్ను పట్టుకుని ఎగిరింది, ఆ మూగనోము పిల్ల! ఒకటే కేకలు. రాత్రంతా ఆ గొంతు వదలకుండా మాట్లాడుతూనే ఉన్నాం. బయట గాలికి తాడు డబ్బాలు ఆగకుండా ఒకటే గోల, విసుగొచ్చి తలుపు మూసేశాను, గొంతు సరిగ్గా వినపడాలని.

వస్తున్నారు. దారిలోనే ఉన్నారు. ఎంతమంది ఉన్నారు అని అడిగారు. ఐదుగురం అని చెప్పాను. అందరూ బాగున్నారా అంటే, ఒకమ్మాయికి జ్వరం వచ్చింది, ఇప్పుడు తగ్గిపోయింది అన్నాను.

తెల్లారుతోంది, గొళ్ళెం తీసి ఇది పంపుతున్నాను. చిట్టెలుక బల్లెక్కగానే ముందు ఇది చదవమను: తల్లీ, నేను రాసింది మాట కాదు. నన్ను క్షమించు. వచ్చాక నీ కాళ్ళు పట్టుకుంటాను.

తమ్ముడు

నీళ్ళగట్టు

తమ్ముడూ,

పోయింది.

నేను పంపమనలేదు. నేనూ డాక్టరమ్మా నేల గడ్డకట్టేలోపు దుంపలు తవ్వుకొద్దామని వెళ్ళాం. తిరిగొచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. హీటర్ మీద దుప్పటి కప్పి ఉంది. ఎందుకే అంటే, వెలుగు కళ్ళలో పడుతోందంది. వెచ్చగానే ఉందక్కా అంది. పొద్దున్నించీ కష్టపడి వచ్చాం, నమ్మాను. గది చల్లబడిందని తెలిసి దుప్పటి లాగేసరికి బయట చీకటి.

తాడు దగ్గరికి పరిగెత్తాను. డబ్బాలు ఊపాను. చేతుల్లో చర్మం లేచిపోయే దాకా ఊపాను. చక్రం కదల్లేదు. గొళ్ళెం వెయ్యమన్నది నేనే. అంత బరువున్న బ్యాటరీని, ఆ ఒంటితో, గుమ్మం దాటించి బుట్ట దాకా ఎలా ఈడ్చుకెళ్ళిందో నాకు తెలియదు.

చెరో పక్కా పడుకుని మా మధ్య పెట్టుకున్నాం. ఉన్నవన్నీ కప్పాం. తెల్లారేదాకా కూడా లేదు.

నీ ఉత్తరం తర్వాత వచ్చింది. నేనే చదువుకున్నాను.

అక్క

ఓడ

అక్కా,

డబ్బాలు నాకు వినిపించాయి. గాలి అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనుకోవడానికి కూడా ఆగలేదు. నువ్వు చేతులు చీరుకుంటూ ఊపుతుంటే నేను విసుక్కుని తలుపేసుకున్నాను.

ఇంకొకటి నీకు చెప్పాలి. చెప్పకుండా ఉండిపోదామనుకున్నాను. మెకానిక్కు "చెప్పాలి" అంది.

వాళ్ళని అడిగాను, ఫలానా రోజు మీరు మా మీదుగా వెళ్ళారా అని. లేదన్నారు. ఇటు ఇంతవరకూ ఏ ఓడా రాలేదట. ఆ వెలుగు మన ఓడ తోక భాగమట. కూలినప్పుడు విరిగి పైనే తిరుగుతూ ఉండి, ఆ రోజు కాలి రాలిపోయిందట. అందులో ఎవరూ లేరు. అది వెతకలేదు, తారాడలేదు, వంగలేదు. అవన్నీ నేను చూశాననుకున్నాను.

మన పిలుపు వాళ్ళకి ఎప్పుడో అందిందట. అందిన రోజే బయల్దేరారట. వాళ్ళు దగ్గరికొచ్చేదాకా వాళ్ళ జవాబు మన పెట్టెకి అందదట, అంతే. మధ్యలో మనం ఆపినా, ఆపకపోయినా వాళ్ళు వస్తూనే ఉన్నారు. మీరడిగిన మొదటి రోజే బ్యాటరీ పంపినా వచ్చేవాళ్ళు. చలికాలమంతా అక్కడే ఉంచేసినా వచ్చేవాళ్ళు. వింటున్నావా అక్కా? ఉంచేసినా వచ్చేవాళ్ళు.

ఇవాళ మళ్ళీ అడిగారు, పడకలు సర్దాలి, ఐదుగురే కదా అని. మెకానిక్కు నా చేతిలోంచి మైకు తీసుకుని "నలుగురం" అంది.

నాకు రాయకు అన్నాను కదా. నువ్వు రాయకపోయినా నేను అడగను.

తమ్ముడు

నీళ్ళగట్టు

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నీ మీద చాలా కోపమొచ్చింది. తర్వాత ఇక్కడున్న వాళ్ళం ఎవరి తప్పెంతో లెక్కపెట్టుకున్నాం. రాసింది నువ్వు. తెచ్చి దాని చేతిలో పెట్టింది నేను. దుంపలు రేపు తవ్వుకోవచ్చులే అనకుండా నన్ను లాక్కెళ్ళింది డాక్టరమ్మ. పంచుకుందామంటే అందరికీ సరిపోయేంత ఉంది. పంచుకున్నా ఎవరికీ తగ్గడం లేదు.

వాళ్ళు రావడానికి ఇంకా టైముంది. అప్పటిదాకా దాన్ని ఇలా ఉంచలేం. నీళ్ళకి కాస్త ఎగువన, పొద్దున్నే ఎండ పడే చోటు చూశాం. రెండు రోజులుగా నేనూ డాక్టరమ్మా దుంపల పారతో తవ్వుతున్నాం. నేల ఇనుములా బిగిసిపోయింది. మోకాలి లోతు కూడా రాలేదు. నా చేతులు పట్టడం లేదు.

పెట్టె దగ్గర మెకానిక్కుని ఉండమను. నువ్వు దిగి రా. పొద్దున్నే బయల్దేరు, చుట్టు దారిలో రాళ్ళ మీద మంచు ఉంది, చూసుకుని నడు. ఇంజను గదిలో పొడుగాటి గడ్డపార ఉండాలి, అది తీసుకురా.

అక్క